లేమికి మార్కులు

పేదరికం ఉన్నంత మాత్రాన సరిపోదనీ, అది తూకానికి కూడా నిలబడాలనీ హైమవతికి యాభై దాటాక తెలిసింది.

అంతవరకూ ఆవిడ లెక్క చాలా సులువు. కాకినాడ చివర, ఉప్పుటేరు గట్టున ఉన్న గంగమ్మపేట పిల్లలు పగలు బడికి వెళ్ళినా, సాయంత్రం కాగానే రొయ్యల షెడ్డుకి పోయి తల్లుల పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచేవారు. వాళ్ళని అక్కడినుంచి లేవదీసి, ఒక గదిలో కూర్చోబెట్టి, ఇన్ని గుగ్గిళ్ళు పెట్టి, చదవడం రాయడం నేర్పాలి. అంతే. పిల్లాడి చేతులు రొయ్యల వాసన వేస్తే పేదవాడు. మరో పరీక్ష అక్కర్లేదు. అలా మొదలైన సాయంత్రం బడి పేరు ‘మొలక’.

తర్వాత లోకం మారింది. దానం పుచ్చుకోవడానికే కాదు, చెయ్యడానికీ డిగ్రీలు వచ్చాయి. హైదరాబాదులో సముద్ధరణ ఫౌండేషన్ అనే సంస్థ ఒకటి ముందుకొచ్చి, గది అద్దె, టీచర్ల జీతాలు, గుగ్గిళ్ళ ఖర్చు అంతా మాదే అంది. హైమవతి పొంగిపోయింది. ఆవిడ భర్త భాస్కరమూర్తి మాత్రం పేపరు దించకుండానే, “ఏనుగుని ఊరికే ఇస్తున్నారంటే సరేనే, దాంతోపాటు మావటివాణ్ణి కూడా పంపిస్తారు, చూసుకో” అన్నాడు.

ఆ మావటి పేరు విరించి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, పెదవుల మీద జాలి. హోదా, ప్రభావ మదింపు సంచాలకులు. పేరుకి తగ్గట్టే నుదుటిరాతలు రాసే ఉద్యోగం.

ఆయన వస్తున్నారని తెలిసి పేటలో తల్లులు పిల్లలకి తలంటి, నున్నగా దువ్వి, ఇస్త్రీ బట్టలు తొడిగి పంపారు. విరించి గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

“మేడమ్, వీళ్ళు మన లబ్ధిదారులేనా?”

“ఆఁ, వీళ్ళేనండీ.”

“చాలా శుభ్రంగా ఉన్నారు.”

“ఏదో, మీరొస్తున్నారని...” అంది హైమవతి మొహమాటంగా.

“ఇది ఆందోళనకరమైన పరిణామం,” అన్నారాయన, ట్యాబులో ఏదో నొక్కుతూ. “చూడండి మేడమ్, దాత హృదయం నుంచి బయలుదేరిన ప్రతి రూపాయీ లేమి దగ్గరే దిగాలి. లేమి లేని చోట దిగితే దాన్ని మేం లీకేజీ అంటాం. అందుకని ఈ ఏడాది నుంచి లేమి సూచిక ప్రవేశపెడుతున్నాం. ఒక్కో బిడ్డకీ నూటికి మార్కులు. అరవై వస్తే లబ్ధిదారు.”

“మార్కులు ఎక్కువొస్తే మంచిదాండీ?”

“ఎక్కువొస్తే ఎక్కువ లేమి. అదే కదా మనకి కావలసింది! ఇంట్లో ఫ్యాను ఉంటే పది పోతాయి. టీవీకి పదిహేను. మిక్సీకి ఐదు.”

“రుబ్బురోలు ఉంటే?”

విరించి గారు గంభీరంగా తల పంకించారు. “రుబ్బురోలు పేదరికమా, వారసత్వ సంపదా అన్నది తేలలేదు. కమిటీ వేశాం.”

“వీళ్ళ టీవీలన్నీ వాయిదాల మీద కొన్నవండీ. కట్టకపోతే షాపువాడు వచ్చి పట్టుకుపోతాడు.”

“పట్టుకుపోయాక చెప్పండి. కలుపుతాం.”

శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తామనీ, కేంద్రం మొత్తం మీద సగటు అరవైకి తగ్గితే మూసెయ్యక తప్పదనీ చెప్పి ఆయన వెళ్ళిపోయారు. ఈ గొడవంతా పట్టనట్టు వెనక వరసలో లోవకుమారి అనే తొమ్మిదేళ్ళ పిల్ల గుగ్గిళ్ళు కట్టిన కాగితం పొట్లాన్ని విప్పి, దాని మీది సగం చిరిగిన వార్త చదువుకుంటోంది. ఆ పిల్లకి అదో రోగం. కంటికి ఏది ఆనితే అది చదివెయ్యాల్సిందే.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర హైమవతి తల్లులందరినీ పోగేసి సంగతి చెప్పింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ నమ్మలేదు.

“అంటే అమ్మగారూ, గాలి ఆడితే సదువు ఆగిపోద్దంటారా?” అంది లోవ తల్లి నూకరత్నం.

“అలాగే ఉంది మరి.”

“ఇదేం సోద్యమండీ బాబూ! ఆ ఫ్యాను కూడా మూడో నెంబరు మీద తిరగదండి. సగం మార్కులైనా ఇయ్యమనండి.”

అందరూ నవ్వారు గానీ నూకరత్నం నవ్వు తొందరగా ఆగిపోయింది. ఆవిడ షెడ్డులో సాయంత్రం షిఫ్టు చేస్తుంది. మొగుడు వేటకెళ్తే నాలుగైదు రోజులకి గానీ ఒడ్డుకి రాడు. “మీ బడి ఉందనే గదండీ పిల్లని షెడ్డుకి తీసికెళ్ళట్లేదు. బడి లేకపోతే ఇంటికాడ ఒక్కర్తినీ ఎలా ఒగ్గేసి ఎల్తానండీ? ఆ సూపర్‌వైజరు ఇప్పటికే పోరెట్టేత్తన్నాడు, చిన్న చేతులైతే రొయ్య చితకదంట, పిల్లని తీసుకురా అని.”

కుళాయి కింద బిందె నిండి పొర్లింది. నూకరత్నమే బిందె పక్కకి జరిపి, చటుక్కున తలెత్తింది.

“అమ్మగారూ, మా పేటలో పిల్లకి సంబంధం వత్తే ఏం సేత్తామో తెలుసాండీ? ఈవిడింట్లో టీవీ, ఆవిడింట్లో కుర్చీలు, నా స్టీలు గ్లాసులు, అన్నీ మోసుకెళ్ళి పెళ్ళికూతురింట్లో సర్దేత్తాం. మగపెళ్ళోరు వచ్చి, ఆహా ఎంత కలిగినోళ్ళో అనుకుని, కాఫీ తాగేసి ఎల్లిపోతారు. తెల్లారేసరికి ఎవరి సామాను ఆళ్ళింటికి. ఇదీ అంతేనండి. ఎదురు పెళ్ళిచూపులు.”

తరతరాలుగా కలిమిని ఎరువిచ్చి పుచ్చుకున్న పేటకి లేమిని ఏర్పాటు చెయ్యడం ఓ లెక్కా? సందు చివర మంగతాయారు అని ఎండుచేపలు అమ్ముకునే పెద్దావిడ ఉంది. ఆవిడకి ‘మొలక’లో చదివే పిల్లలు లేరు, కనక ఆవిడింటికి సర్వే రాదు. హాలు కూడా పెద్దది. సామానంతా అక్కడికి చేర్చాలని తీర్మానమైంది.

శుక్రవారం పొద్దున గంగమ్మపేటలో ఊరేగింపు చూడాలి. ముందు టీవీలు, వాటి వెనక మిక్సీలు, వెనకాల రిక్షా మీద తాళ్ళతో కట్టిన ఫ్రిజ్జు, దాన్ని పట్టుకుని నలుగురు ఆడవాళ్ళు. ఎవరి టీవీకి ఏ కాలు ఊగుతుందో, ఎవరి మిక్సీ మూత వదులో అందరికీ తెలుసు. ఒక్క గీత పడకుండా చేర్చారు. హైమవతి కూడా చీరకుచ్చిళ్ళు దోపి, రెండు టేబుల్ ఫ్యాన్లు చంకన పెట్టుకుని నడిచింది. తను చేస్తున్నది మోసమా, సంఘసేవా అన్న ప్రశ్న దారిలో రెండుసార్లు వచ్చింది గానీ, చేతులు ఖాళీ లేక పట్టించుకోలేదు.

సర్వే మహా గొప్పగా సాగింది. విరించి గారు ఒక్కో ఇంట్లోంచీ బయటికొచ్చేకొద్దీ మొహం వికసిస్తోంది. “గోడకి మేకు ఉంది, గడియారం లేదు. హృదయవిదారకం!” అంటూ రాసుకున్నారు. నూకరత్నం ఇంట్లో మాత్రం పైకప్పు నుంచి వేలాడుతున్న రెండు తీగలు ఆయన కంట పడ్డాయి.

“ఏమిటివి?”

“ఫ్యాను కొనుక్కుందామని ఆశండి,” అంది నూకరత్నం చెంగుతో మూతి దాచుకుని. “ఆ ఆశే అలా యేలాడతందండి.”

విరించి గారు కాసేపు ఆలోచించారు. “ఆశకి రెండు మార్కులు తియ్యాల్సి ఉంటుంది. ఏమీ అనుకోవద్దు, నిబంధన.”

అంతా అయిపోయి కారెక్కబోతూ ఆయనకి దాహం వేసింది. నీళ్ళ కోసం ఆయన తిన్నగా నడిచింది సందు చివరి ఇంటికే. హైమవతి “అయ్యో, ఆగండి” అనేలోపు గుమ్మం దాటేశారు. లోపల బొమ్మల కొలువు తీర్చినట్టు మెట్లు మెట్లుగా టీవీలు, కింద వరసలో మిక్సీలు, గోడ పొడుగునా ఫ్యాన్లు. నడిమధ్య ఫ్రిజ్జుకి చేరగిలబడి మంగతాయారు చుట్ట కాలుస్తోంది.

“ఎవరండీ ఈవిడ?” అన్నారు విరించి గారు దాహం మాట మరిచిపోయి.

హైమవతి చెంగుతో మొహం తుడుచుకుంది. మంగతాయారు మాత్రం చుట్ట తీసి, “ఏం బాబూ, నాకున్నయ్యి, ఎట్టుకున్నాను. నీకేటి నొప్పి?” అంది.

విరించి గారి కళ్ళు మెరిశాయి. “అసమానత!” అన్నారు రహస్యంగా, గుళ్ళో దేవుడి పేరు పలికినట్టు. “పక్క పక్కనే! ఒకే సందులో ఇంత సంపద కేంద్రీకరణ! మేడమ్, ఇది నేను పుస్తకాల్లో చదవడమే గానీ కళ్ళారా చూడలేదు. మీ పిల్లలందరికీ సాపేక్ష లేమి కింద పదిహేను మార్కుల బోనస్ సిఫారసు చేస్తున్నాను.”

ఆయన వెళ్ళాక మంగతాయారు అడిగింది, “ఏటంటన్నాడు?”

“మీరు బాగా కలిగినవారంట పిన్నిగారూ.”

“పోన్లే. పుట్టి బుద్ధెరిగాక ఒకడన్నా అన్నాడు.”

చిక్కు ఏమిటంటే, బాగా మోసిన కావడే మళ్ళీ భుజానికెక్కుతుంది. నెల తిరక్కుండా విరించి గారు ఫోను చేశారు.

“అభినందనలు మేడమ్! లేమిలో మీ కేంద్రం రాష్ట్రానికే ప్రథమం. ఆదర్శ లేమి కేంద్రంగా ప్రకటించాం. మా అధ్యక్షురాలు చంద్రకళాదేవి గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. అయితే రెండో దశ ఒకటుంది. అభ్యసన లేమి. పిల్లలతో చదివించి చూస్తారు. గడగడా చదివేశారంటే సూచిక కుప్పకూలుతుంది.”

“అదేమిటండీ? చదువు రావడానికే కదా బడి?”

“మీరు చదువు చెప్పండి మేడమ్, ఎవరు వద్దన్నారు? బోధన మన కార్యక్రమం. నేర్చుకోవడం మన కార్యక్రమం కాదు. రెండింటికీ బడ్జెట్ పద్దులు వేరు.”

“మరి చదువొచ్చేసిన పిల్లల్ని ఏం చేస్తారు?”

“వాళ్ళు విజయగాథలు. ఒక ఫొటో, ఒక పేరా ఇచ్చి పంపించేస్తాం.”

హైమవతి ఈ మాట భర్తకి చెప్పింది. భాస్కరమూర్తి పేపరు దించాడు. ఆయన పేపరు దించడం ఆ ఇంట్లో అరుదు. “రోగం తగ్గితే రోగి వెళ్ళిపోతాడు. ఆసుపత్రికి నష్టం కదే!” అన్నాడు.

మర్నాటి నుంచి ‘మొలక’లో కొత్త పాఠం మొదలైంది. చదువు రానట్టు చదవడం. హైమవతి నల్లబల్ల మీద ‘కొబ్బరిబొండం’ అని రాసింది. పిల్లలకి పండగే అయింది. ఒకడు ‘కొబ్బరి’ దగ్గర ఆగి తల గోక్కున్నాడు. ఒకడు ‘కోతిబొమ్మ’ అన్నాడు. చప్పట్లు పడ్డాయి. చివర్న నాగబాబు లేచి, కళ్ళు చిట్లించి, చెమటలు కక్కి, ఒక్క అక్షరం కూడా పలకలేకపోయాడు.

“శభాష్! ఎంత సహజంగా ఉందిరా!” అంది హైమవతి.

“నాకు నిజంగానే రాదండీ టీచరుగారూ.”

వాణ్ణి మొదటి వరసలో కూర్చోబెట్టారు. పుట్టాక మొట్టమొదటిసారి క్లాసు ఫస్టు వచ్చాడు. అయితే ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. అందరూ తప్పు చదువుతుంటే, ఒప్పు ఏదో తెలియకుండా తప్పు ఎలా చదవాలని వాడికి పట్టుదల వచ్చింది. అక్కడా ఇక్కడా అడిగి ఒప్పు నేర్చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి హైమవతి నేర్పలేకపోయిన చదువు, చదవొద్దనేసరికి వాడికి వచ్చి కూర్చుంది.

లోవకుమారి ఒక్కర్తే ఏ ఆటలోనూ కలవలేదు. అందరూ వెళ్ళాక మెల్లగా దగ్గరికొచ్చింది.

“నాకు రావట్లేదండి, టీచరుగారూ.”

“ఏమిటే?”

“రాకపోవడం.” పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “కళ్ళు ముందే చదివేత్తన్నాయండి. నోరు మూసుకున్నా లోపల ఇనపడిపోతంది.”

నిన్నటిదాకా ‘ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా’ అని చదివించిన నోటితోనే హైమవతి బుజ్జగించింది. “ఒక్క రోజేనే తల్లీ. ఆవిడొచ్చి వెళ్ళేదాకా. బడి నిలవాలి కదా?”

“ఒక్క రోజేనాండీ?”

“ఒక్క రోజే.”

పిల్ల తలూపింది. వండిన కూరలో తన చేత్తోనే గుప్పెడు ఉప్పు కుమ్మరించినట్టయింది హైమవతికి.

చంద్రకళాదేవి గారు పెద్ద కారులో వచ్చారు. పట్టుచీర, గంధం వాసన, ముక్కు దగ్గర జేబురుమాలు. గది ముందు గోడకి కొత్త బ్యానరు, బల్ల మీద ఆవిడ తెచ్చిన మిఠాయి డబ్బాలు. తల్లులు సగం షిఫ్టు సెలవు పెట్టుకుని వచ్చి వెనక నిలబడ్డారు. ఆ వేళకి నూకరత్నం ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుంది. కూతురు చదువుతుండగా ఆవిడ ఒక్కసారీ వినలేదు.

“ఈ అమ్మాయి చదువుతుంది మేడమ్,” అని విరించి గారు వెతికి వెతికి లోవనే లేపారు. పుస్తకం చేతికిచ్చారు.

లోవ పుస్తకం వంక చూసింది. తర్వాత హైమవతి వంక చూసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, “అ...” అంది. చాలాసేపటికి, “మ...” అంది.

“పాపం! ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?” అన్నారు చంద్రకళాదేవి గారు.

“నాలుగేళ్ళండీ,” అంది హైమవతి.

“నాలుగేళ్ళకి రెండక్షరాలా!” ఆవిడ కళ్ళొత్తుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. “విరించీ, నాకొకటి తోస్తోందయ్యా. చదువు వీళ్ళకి అబ్బేది కాదు. మనం బలవంతంగా రుద్దుతున్నాం. వీళ్ళ చేతుల్లో సహజంగా ఉన్న విద్య ఏమిటి?”

“స్థానికంగా రొయ్యలు ఒలుస్తారు మేడమ్.”

“అద్భుతం! అదే వీళ్ళ అక్షరాభ్యాసం. ఈ గదినే రొయ్యల ఒలుపు శిక్షణా కేంద్రం చేసేద్దాం. పిల్లలు ఎలాగూ సాయంత్రం వస్తున్నారు.”

“బాల్య నైపుణ్య ఉద్దీపన,” అని విరించి గారు అప్పుడే ట్యాబులో పేరు పెట్టేశారు. “షెడ్డు వాళ్ళతో అవగాహనా ఒప్పందం కూడా చేసుకోవచ్చు మేడమ్. పిల్లలు నేరుగా అక్కడికే వెళ్తే గది అద్దె మిగులుతుంది.”

ఫౌండేషన్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియక పిల్లలూ కొట్టారు.

పిల్లల్ని షెడ్డు నుంచి గదికి తేవడానికి తనకి పన్నెండేళ్ళు పట్టింది. గది నుంచి షెడ్డుకి పంపడానికి వీళ్ళకి రెండు వాక్యాలు పట్టింది. హైమవతి లోవ వైపు చూసింది. పిల్ల కళ్ళు తెరిచి పుస్తకంలోకే చూస్తోంది. పెదవులు బిగించుకుంది గానీ గొంతు దగ్గర చర్మం కదులుతోంది. లోపల చదివేసుకుంటోంది.

“లోవా.”

“ఆయ్.”

“ఒక్క రోజు అన్నాను కదూ? ఆ రోజు అయిపోయింది. చదువు.”

పిల్ల నమ్మలేనట్టు చూసింది. తర్వాత గేటు ఎత్తిన కాలవలా మొదలెట్టింది. ఊపిరి తిప్పుకోకుండా ఆ పేజీ అయింది, అవతలి పేజీ అయింది. పుస్తకం చాలక తలెత్తి, బ్యానరు అందుకుంది. “అక్షరం ముక్క రాని చిన్నారులకు సముద్ధరణ వారి ఆపన్నహస్తం!” బ్యానరు చాలక బల్ల మీది మిఠాయి డబ్బా తిప్పింది. “తయారైన పదిహేను రోజుల లోపల వాడవలెను. అమ్మగారూ, ఇయ్యి పోయిన నెల్లో తయారయ్యాయండి!”

అది చూసి మిగతా పిల్లలకి పూనకం వచ్చింది. గోడ మీది క్యాలెండరు ఒకడు, సుద్దముక్కల పెట్టె ఒకత్తె. ఆఖరికి నాగబాబు కిటికీ ఊచలు పట్టుకుని, చంద్రకళాదేవి గారి కారు వెనక గోడ మీది రాతని కూడబలుక్కుని, “ఇచ్చట... వాహనములు... నిలుపరాదు!” అని గర్జించాడు.

“ఆపించండి మేడమ్!” విరించి గారు ట్యాబు వంక చూస్తూ కేక పెట్టారు. “అరవై... నలభై... సూచిక పడిపోతోంది!”

“నావల్ల కాదండీ. మొదలెట్టడమే నేర్పాను, ఆపడం నేర్పలేదు.”

“మోసం!” చంద్రకళాదేవి గారు లేచి నిలబడ్డారు. “వీళ్ళకి చదువొచ్చు!”

ఇంత ఘోరమైన నింద గంగమ్మపేట మీద అంతవరకూ ఎవరూ వెయ్యలేదు. కారు ఎక్కబోయే ముందు విరించి గారు అక్కడికక్కడే ఉత్తర్వు వినిపించారు. “లక్ష్యం పూర్తిగా నెరవేరిన కారణంగా ఈ కేంద్రం మూసివేయబడినది.”

కారు వెళ్ళిపోయింది. చోద్యం చూడ్డానికి వచ్చిన మంగతాయారు చుట్ట నలిపేసి, “మా వసారా ఉందమ్మా, అక్కడ కూకోబెట్టు పిల్లల్ని. ఆస్తిపరురాల్ని గదా” అంది. హైమవతి ఆవిడకి దణ్ణం పెట్టింది గానీ మనసంతా నూకరత్నం మీదే ఉంది. జీతాలు లేని బడి ఎన్నాళ్ళు నడుస్తుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. తిడుతుందేమో అనుకుంది. నూకరత్నం తిట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, “అంత గట్టిగా సదువుద్దని నాకెందుకు సెప్పలేదండీ?” అంది.

మిగిలిన సగం షిఫ్టుకి ఆవిడ షెడ్డుకి వెళ్ళాలి. పిల్లని దిగబెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు, వెంట తీసుకునే బయలుదేరింది. హైమవతి కూడా వాళ్ళతో నడిచింది.

నడక సాగలేదు. నాలుగడుగులకోసారి నూకరత్నం ఆగిపోతోంది.

“అదేటి రాసుందే?”

“మందుల షాపంటమ్మా.”

“మరి ఇది?”

“అరువు రేపు.”

“అది తెలుసులే. అది సదవక్కర్లేదు. పద.”

షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. లోపల దీపాలు వెలుగుతున్నాయి. రొయ్యల బుట్టల ముందు వరసలుగా ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య అక్కడక్కడ చిన్న తలకాయలు.

“ఇప్పుడా రావడం? పోన్లే, పిల్లని తెచ్చావు. మంచి పని చేశావు. లోపలికి పంపించు,” అన్నాడు.

నూకరత్నం కదల్లేదు. అతని తల మీదుగా, గేటుకి కట్టిన తుప్పు పట్టిన రేకుని చూస్తోంది. రోజూ దాని కిందనుంచే వెళ్ళే మనిషి, దాన్ని అప్పుడే చూస్తున్నట్టు చూస్తోంది.

“అదేటే, లోవా?”

లోవ మునికాళ్ళ మీద లేచింది. “పద్నాలుగు సంవత్సరముల లోపు బాలబాలికలను పనిలో పెట్టుకొనుట చట్టరీత్యా నేరము.”

సూపర్‌వైజరు వెనక్కి తిరిగి రేకు వంక చూశాడు. “అదా... అది ఎప్పుడో గవర్నమెంటు వాళ్ళు కట్టి వెళ్ళారులే. ఊరికే. అందరికీ కడతారు.”

లోపల రొయ్యలు ఒలిచే చప్పుడు ఆగింది. రెండు మూడు తలలు ఇటు తిరిగాయి. నూకరత్నం కూతురి చెయ్యి వదిలి, నడుం మీద చెయ్యేసుకుంది.

“లోపలోళ్ళకి సరిగ్గా ఇనపళ్ళేదంటమ్మా. ఇంకోపాలి సదువు.”

లోవ గొంతు సవరించుకుంది.